ఆవిరి బండ్ల జాతర

(విశ్రాంత ఉద్యోగుల సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో మామూలుగా మాట్లాడుకునేది డి.ఏ. బకాయిల గురించి, మందుల బిల్లుల గురించి, ఏటేటా మనం బతికే ఉన్నామని ఇచ్చుకునే సర్టిఫికెట్ గురించి. అవన్నీ కార్యదర్శి గారు ఇంతకు ముందే వివరంగా చెప్పారు. నాకు కేటాయించిన విషయం కాగితం మీద 'విదేశ యాత్రా విశేషాలు' అని ఉంది. ఇంగ్లండు పోయివచ్చిన మనిషి గనుక లండన్ గడియారం గురించో, రాణిగారి కోట గురించో చెబుతాడని అనుకొని ఉంటారు. అవి గోడ కాలెండర్లలో ఉన్నాయి, ఎవరైనా చూడవచ్చు. నేను చెప్పదలచుకున్నది అక్కడ చూసిన ఒక జాతర సంగతి. దేవుడు లేని జాతర. ఊరేగేవి ఆవిరి ఇంజన్లు. దాన్ని వాళ్ళు 'స్టీమ్ గాలా' అంటారు.

మా చిన్నమ్మాయి, అల్లుడు బర్మింగ్‌హామ్‌లో ఉంటారు. 2019 సెప్టెంబరులో నేను, నా భార్య అక్కడ ఉన్నాం. మా అల్లుడికి నా సంగతి తెలుసు. నేను అంగళ్ళలో తిరిగేవాణ్ణి కాను, పాత కాగితాలు, పాత యంత్రాలు కనబడితే మాత్రం కదలను. ఒక శనివారం పొద్దున 'మామయ్యా, తయారు గండి, మీకు నచ్చేది చూపిస్తా' అని రైలెక్కించి కిడర్‌మిన్‌స్టర్ అనే ఊరికి తీసుకుపోయాడు. మామూలు స్టేషన్‌లో దిగి నాలుగడుగులు వేస్తే పక్కనే ఇంకో స్టేషన్. ఎర్ర ఇటుక గోడలు, పెద్ద గడియారం, టోపీ పెట్టుకున్న స్టేషన్ మాస్టరు. చూస్తే నూరేళ్ళ కిందటిదే అనిపిస్తుంది గాని, కట్టింది 1984లోనట! పాత నమూనా ముందు పెట్టుకొని కొత్తగా కట్టారు. అక్కడి నుంచి బ్రిడ్జ్‌నార్త్ అనే ఊరి దాకా 16 మైళ్ళు, సెవర్న్ నది ఒడ్డు వెంబడి లైను. దాని పేరు సెవర్న్ వ్యాలీ రైల్వే. గోదావరిని చూసిన కళ్ళకు సెవర్న్ ఒక పెద్ద వాగు లాగే కనబడుతుంది, ఆ మాట నేను అల్లుడితో అనలేదు.

ఆ లైను పుట్టింది 1862లో. లాభం లేదని 1963లో ప్రయాణికుల బండ్లు ఆపేశారు. పట్టాలు పీకడం కూడా మొదలైంది. 1965లో కొందరు మామూలు మనుషులు కూడి సంఘం పెట్టుకున్నారు. చందాలు పోగుచేసి, ముక్కలు ముక్కలుగా లైను కొని, 1970లో మొదటి తునకను, 1984 నాటికి మొత్తం పదహారు మైళ్ళనూ నడిపించారు. 2007 జూన్ వానలకు కట్టలు చాలాచోట్ల కొట్టుకుపోతే, 2008 మార్చికల్లా మళ్ళీ బండి తిరిగింది. అది మన లాంటి ఒక సంఘం చేసిన పని అని సభ్యులు గమనించాలి.

మామూలు రోజుల్లో అక్కడ రెండు మూడు ఇంజన్లు తిరుగుతుంటాయట. గాలా అంటే షెడ్డులో నిప్పు వేయగలిగిన ఇంజన్లన్నీ ఒకేసారి బయటికి వస్తాయి. చాలవని వేరే లైన్ల సంఘాల నుంచి పెద్ద పెద్ద లారీల మీద కొన్ని ఇంజన్లను అతిథులుగా తెప్పిస్తారు. మన దగ్గర జాతరకు పక్క ఊరి డప్పుల వాళ్ళను పిలిపించుకున్నట్టు. నాలుగు రోజుల పాటు ప్రయాణికుల బండ్లు, మధ్య మధ్య పాతకాలపు గూడ్సు బండి, ఒక్కోసారి ఒకే బండికి రెండు ఇంజన్లు. ఒక బండి స్టేషన్‌లోకి వస్తుంటే ఎదురు బండి కదలడానికి సిద్ధంగా ఉంటుంది. శనివారం రాత్రి కూడా నిద్ర లేదు, తెల్లవార్లూ నడుస్తాయి. కొండగట్టులో పెద్ద హనుమాన్ జయంతి రాత్రి జనం ఎట్లా ఉంటారో మీకు తెలుసు. ఇక్కడ కూడా దుప్పట్లు, ఫ్లాస్కులు, చంకలో పిల్లలు. మెడలో కెమెరా లేని మనిషిని వెతకాలి.

నేను కంపార్ట్‌మెంట్‌లో కిటికీ పక్కన కూర్చున్నాను. బండి కదలగానే ఒక వాసన వచ్చింది. బొగ్గు, వేడి నూనె, తడి ఆవిరి కలిసిన వాసన. నా వయసు వాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు, మీకు వేరే చెప్పనక్కరలేదు. ఆర్లీ దగ్గర నది మీద 1861 నాటి పోత ఇనుప వంతెన ఉంది, 200 అడుగుల కమాను. దాని మీదికి రాగానే జనమంతా లేచి కిటికీలకు చేరారు. నేను కూర్చునే ఉన్నాను. కంట్లో బొగ్గు నలుసు పడింది. నా భార్య చెంగు చివర ముడి వేసి, నోటి ఆవిరి ఊది కంటి మీద అద్దింది. ఎదురు సీట్లో ఉన్న తెల్లవాళ్ళ ముసలావిడ అది చూసి, వాళ్ళమ్మ కూడా అట్లాగే చేసేదని చెప్పింది.

నాకు ఇంజన్ల కన్నా ఎక్కువ ఆశ్చర్యం కలిగించింది అక్కడ పనిచేసే మనుషులు. టికెట్లు చూసేవాడు, గేటు తీసేవాడు, సిగ్నల్ మీటలు లాగేవాడు, టీ పోసే ఆమె, ఇంజను కింద పడుకొని నూనె పోసేవాడు. జీతం తీసుకునే సిబ్బంది కొందరున్నా, చాలామంది జీతం లేకుండా వచ్చేవాళ్ళే. వాళ్ళలోనూ సగానికి సగం మనలాంటి వాళ్ళే కనిపించారు. బ్యూడ్లీ స్టేషన్‌లో నాతో మాట్లాడిన పెద్దమనిషి ముప్ఫై ఏళ్ళు ఇన్సూరెన్సు కంపెనీలో గుమాస్తాగిరీ చేసి విరమణ పొందాడట. వారానికి రెండు రోజులు వచ్చి సిగ్నల్ కేబిన్‌లో కూర్చుంటాడు. ఒంటి పట్టా లైను గనుక ఇప్పటికీ టోకెన్ చేతికిస్తే గాని డ్రైవరు కదలడు. మన పాత స్టేషన్లలో వెదురు చుట్టకు తోలు సంచి కట్టి, అందులో ఇనుప గోళం పెట్టి డ్రైవరుకు అందించేవారు, చూసే ఉంటారు. అదే పద్ధతి, వస్తువు ఆకారం వేరు. ఆయన ముందు బల్ల మీద ఒక రిజిస్టరు ఉంది. బండి వచ్చిన నిమిషం, పోయిన నిమిషం సిరాతో రాస్తున్నాడు. కొట్టివేతలు లేవు, అంకెలు గుండ్రంగా ఉన్నాయి. ముప్ఫై అయిదేళ్ళు ఇన్‌వార్డు, అవుట్‌వార్డు రాసిన చెయ్యి నాది. ఆయన రిజిస్టరు ఎట్లా పెడతాడో చూడగానే మనిషి ఎట్లాంటివాడో తెలిసింది.

ఈ పద్ధతి ఎట్లా మొదలైందో కొంచెం చెబుతాను. వేల్స్‌లో టాలిలిన్ అని పలకల గని కోసం 1865లో వేసిన ఏడు మైళ్ళ చిన్న లైను ఉంది. యజమాని చనిపోయాక అది మూతపడే స్థితికి వచ్చింది. 1950లో టామ్ రోల్ట్ అనే రచయిత బర్మింగ్‌హామ్‌లో సభ పెట్టి, మనమే నడుపుదాం అన్నాడు. 1951లో స్వచ్ఛంద కార్యకర్తలు బండి నడిపారు. ప్రపంచంలో అట్లా నడిచిన మొదటి రైలు అదే. తరువాత పదిహేడేళ్ళకు, 1968 ఆగస్టులో, బ్రిటిష్ రైల్వే తన పెద్ద లైన్ల మీద ఆవిరిని పూర్తిగా ఆపేసింది. వేలకొద్దీ ఇంజన్లు తుక్కుకు పోయాయి.

ఇక్కడ నాకు ఇష్టమైన ఘట్టం ఒకటి ఉంది. వేల్స్ తీరంలో బారీ అనే ఊళ్ళో వుడ్‌హామ్ అనే తుక్కు వ్యాపారి ఉండేవాడు. రైల్వే దగ్గర 297 ఇంజన్లు కొన్నాడు. అయితే ఆయనకు పాత గూడ్సు పెట్టెలను కొయ్యడం తేలిక, ఇంజన్లను కొయ్యడం కష్టం. అందుకని ముందు పెట్టెల పని చూసుకుంటూ ఇంజన్లను సముద్రపు గాలికి వదిలేశాడు. అవి తుప్పు పడుతూ పదేళ్ళు, ఇరవై ఏళ్ళు నిలబడ్డాయి. ఈలోపు కుర్రవాళ్ళు, కార్మికులు, బడిపంతుళ్ళు జట్లుగా వచ్చి, 'ఈ ఇంజను మాకు ఉంచు, డబ్బు పోగుచేసి తెస్తాం' అని అడిగారు. ఆయన ఉంచాడు. అట్లా 213 ఇంజన్లు బతికి బయటపడ్డాయి. సెవర్న్ వ్యాలీలో నడిచే వాటిలోనూ బారీ నుంచి వచ్చినవి ఉన్నాయి. మన ఆఫీసుల్లో 'పెండింగు' అనే మాటకు ఎంత చెడ్డపేరో మనకు తెలుసు. ప్రపంచంలో పెండింగులో పెట్టినందువల్ల మేలు జరిగిన ఫైలు నాకు తెలిసినంతలో ఇదొక్కటే.

ఇక మన సంగతికి వస్తాను. నిజాం సొంత రైల్వే మొదటి లైను వాడి నుంచి సికింద్రాబాదుకు 1874లో వచ్చింది. తరువాత లైను వరంగల్లు మీదుగా 1889కి బెజవాడ చేరింది. లాలాగూడ వర్క్‌షాపు 1893 నాటిది. మన ప్రాంతానికి దగ్గరి లైను, అంటే కాజీపేట నుంచి పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల మీదుగా బల్లార్షా పోయేది, 1920ల చివర పూర్తయింది. మన పెగడపల్లి వాళ్ళకు చాలాకాలం రైలు అంటే పెద్దపల్లి స్టేషనే. బస్సులో కరీంనగర్, అక్కడి నుంచి పెద్దపల్లి, అక్కడ ఒక పూట ఎదురుచూపు. మన జగిత్యాలకు పట్టాలు రావడం, ఆ లైను 2017లో నిజామాబాదు దాకా కలవడం మీరంతా చూసిందే. అప్పటికి ఆవిరి కాలం ఎప్పుడో వెళ్ళిపోయింది. కాబట్టి మన జగిత్యాల పట్టాల మీద ఆవిరి ఇంజను ఎన్నడూ నడవలేదు. మన మనుమలకు 'చుక్ చుక్ రైలు' అనేది నోటి మాటే. ఆ చప్పుడు చేసే రైలును వాళ్ళు చూడలేదు.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో దేశంలో 8,000కు పైగా ఆవిరి ఇంజన్లు ఉండేవి. మెయిలు బండ్లకు కట్టే, ముందు ముక్కు గుండ్రంగా ఉండే ఇంజను గుర్తుందా? అది డబ్ల్యూ.పి. తరగతి. 1947లో మొదటివి అమెరికాలో బాల్డ్‌విన్ కంపెనీ నుంచి వచ్చాయి, తరువాత చిత్తరంజన్‌లో చేశారు. చిత్తరంజన్ కర్మాగారం పెద్ద లైను కోసం చేసిన చివరి ఆవిరి ఇంజను 1970లో బయటికి వచ్చింది, దానికి 'అంతిమ్ సితారా' అని పేరు పెట్టారు. పెద్ద లైను మీద చివరి రోజువారీ ఆవిరి బండి 1995 డిసెంబరు 6న పంజాబులో జలంధరు, ఫిరోజ్‌పూర్ల మధ్య నడిచింది.

మన దేశంలో ఇప్పటికీ నిప్పు ఆరని చోట్లు కొన్ని ఉన్నాయి. డార్జిలింగ్, ఊటీ కొండ రైళ్ళు అందరికీ తెలిసినవే. ఢిల్లీకి దగ్గరలో హర్యానాలో రేవాడి అని ఉంది. అక్కడి షెడ్డు కూడా మన లాలాగూడ లాగే 1893 నాటిది. 1990లలో మూతపడితే 2002లో మళ్ళీ తెరిచారు. 'ఆజాద్' అనే 1947 నాటి డబ్ల్యూ.పి., 'అక్బర్' అనే 1965 నాటి డబ్ల్యూ.పి. అక్కడివే. 1855లో ఇంగ్లండులో లీడ్స్‌లో చేసిన 'ఫెయిరీ క్వీన్' 1909లో పని మానేసి, ఎనభై ఎనిమిదేళ్ళు ఊరికే నిలబడి, 1997లో ఢిల్లీ నుంచి అల్వర్‌కు యాత్రికులను లాగింది. 1998లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. దానితో పాటు పుట్టిన 'ఎక్స్‌ప్రెస్' అనే ఇంజనును చెన్నై దగ్గర పెరంబూరు కార్మికులు 2010లో మళ్ళీ నడిపించారు. అంటే మనవాళ్ళకు చేతకాని పని కాదు.

మన తెలుగు ప్రాంతంలో మాత్రం మిగిలినవి అరుగు మీద నిలబెట్టిన ఇంజన్లు. సికింద్రాబాదులో రైల్ నిలయం దగ్గర ఒకటి చూడవచ్చు. రంగు బాగా వేస్తారు. పిల్లలు ఎక్కి ఫొటోలు దిగుతారు. నాకు దాని మీద కోపం లేదు. తుక్కుకు పోవడం కన్నా నయమే. కాని అరుగు మీద ఉన్న ఇంజనును చూస్తే అది ఎట్లా నడిచేదో తెలియదు. ఆవిరి ఇంజను సైకిల్ లాగా ఎక్కి తొక్కేది కాదు. అది నాకు బ్రిడ్జ్‌నార్త్ షెడ్డులో కొంత, ఇక్కడికి వచ్చాక మన మండలంలోనే ఒక పెద్దమనిషి దగ్గర మిగతాది తెలిసింది.

ఆయన కాజీపేట షెడ్డులో ఆవిరి ఇంజన్ల మీద పనిచేసిన మనిషి. అరవైలలో క్లీనరుగా చేరి, ఆగ్‌వాలా అయి, ఫైర్‌మన్ అయి, తరువాత డీజిలు వచ్చాక అసిస్టెంటుగా మారి పింఛను తీసుకున్నాడు. ఎనభై అయిదేళ్ళు. పేరు చెప్పవద్దన్నాడు, చెప్పను. నేను ఇంగ్లండు నుంచి వచ్చాక ఆయన ఇంటికి పోయి, మా అల్లుడు ఫోన్‌లో తీసిన గాలా బొమ్మ ఆడించి చూపించాను. మురిసిపోతాడని అనుకున్నాను. కొండ ఎక్కుతూ బ్రహ్మాండంగా నల్లటి పొగ కక్కుతున్న ఇంజను కనబడింది. ఆయన ముఖం చిట్లించాడు.

'వాడెవడు తమ్మీ, నిప్పు చూసేటోడు?' అన్నాడు.

'ఎందుకన్నా?'

'గంత పొగ ఏంది? పని రానోడు. మా కాలంల గట్ల పొగ పెడితే డ్రైవరు నెత్తి మీద మొట్టు, పైన మెమో.'

నేను చెప్పాను, ఇది జాతర అన్నా, ఫొటోలు తీసుకునేవాళ్ళు పొగ కావాలని కోరుకుంటారు, వాళ్ళ కోసమే ఒక్కోసారి కావాలని పొగ పెడతారట అని. ఆయన కాసేపు నవ్వాడు. తరువాత అసలు సంగతి చెప్పాడు. నల్ల పొగ అంటే కాలని బొగ్గు గాలికి పోవడం. మంచి ఫైర్‌మన్ ఒకేసారి పారలు పారలు గుమ్మరించడు. కొంచెం కొంచెంగా, పలచగా, మూలలకు, తలుపు కింద, ఎక్కడ నిప్పు తెల్లగా మెరుస్తుందో అక్కడ చల్లుతాడు. ముందు ఎత్తు వస్తుందా, స్టేషన్ వస్తుందా ముందే తెలియాలి. ఎత్తు ఎక్కేటప్పుడు ఆవిరి కావాలంటే పది నిమిషాల ముందు నిప్పు పెంచాలి. ఎత్తు మీద పెంచుదామనుకుంటే బండి ఆగుతుంది. 'గుట్ట కనవడ్డంక బొగ్గు ఏసుడు కాదు, గుట్ట యాదికొచ్చినప్పుడే ఏసుడు' అన్నాడు.

నీళ్ళ సంగతి ఇంకా ముఖ్యం. నిప్పు గది పైకప్పు మీద ఎప్పుడూ నీళ్ళు ఉండాలి. ఎంత ఉన్నాయో ఇంజను లోపల గాజు గొట్టంలో కనబడుతుంది. నీళ్ళు తగ్గి ఆ కప్పు ఎండితే, అందులో బిగించిన సీసం బిళ్ళ కరిగి ఆవిరి నిప్పు మీద పడి ఆర్పుతుంది. అది చివరి రక్షణ. అదీ పనిచేయకపోతే బాయిలరు పేలుతుంది, మనుషులు మిగలరు. అందుకని ఫైర్‌మన్ ఒక కన్ను నిప్పు మీద, ఒక కన్ను గాజు మీద. ఎత్తు దిగేటప్పుడు బాయిలరులో నీళ్ళు ముందుకు పోతాయి, వెనక గాజులో తక్కువ చూపిస్తుంది. ఎక్కేటప్పుడు అటుది ఇటు. అంటే గాజు ఒక్కోచోట ఒక్కో రకంగా అబద్ధం చెబుతుంది. ఏ మైలు దగ్గర ఎంత అబద్ధం చెబుతుందో ఆయనకు ఇప్పటికీ నోటికి వచ్చు. పెద్దపల్లి నుంచి రామగుండం దాకా కళ్ళు మూసుకొని చెప్పాడు.

బ్రిడ్జ్‌నార్త్‌లో నేను విన్నదానికి ఇది సరిగ్గా సరిపోయింది. చల్లారిన ఇంజనుకు పొద్దున నిప్పు పెట్టి మధ్యాహ్నం నడపడం కుదరదు. ముందు రోజే నూనె గుడ్డలు, కట్టెలతో చిన్న మంట వేసి మెల్లగా వేడెక్కించాలి. తొందరపడితే ఇనుప రేకులు ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ సాగి, గొట్టాల అతుకుల దగ్గర కారుతుంది. కొన్ని రోజులు నడిచాక నీళ్ళన్నీ తీసేసి లోపల పేరుకున్న సున్నం కడగాలి. పదేళ్ళకొకసారి బాయిలరు గొట్టాలన్నీ పీకి పరీక్ష చేయాలి. పరీక్షాధికారి కాగితం మీద సంతకం పెట్టకపోతే ఆ ఇంజను మళ్ళీ నిప్పు చూడదు. దానికి ఏళ్ళు పడుతుంది, లక్షల పౌండ్లు పడుతుంది. గాలా రోజు జనం కొనే టికెట్లలో చాలా భాగం పోయేది అక్కడికే. జాతర లేకపోతే మిగతా ఏడాది లేదు.

అక్కడ ఒక ఇరవై ఏళ్ళ అమ్మాయి ఇంజను చక్రాలు గుడ్డతో తుడుస్తూ కనబడింది. చేతులకు మోచేతుల దాకా మసి. ముందు తుడవడం, తరువాత నిప్పు పని నేర్వడం, పరీక్ష, తరువాత ఫైర్‌మన్, ఇంకా ఏళ్ళకు డ్రైవరు. ఆమె పక్కన నిలబడి ఏది ముందు తుడవాలో చెబుతున్న మనిషికి నా వయసు ఉంటుంది. ఆయన ఆవిరి రోజుల్లో అసలు రైల్వేలో పనిచేసిన చివరి తరం వాడట. బారీ తుక్కు గోదాములో ఇంజన్లు ఇరవై ఏళ్ళు ఆగాయి. మనుషులు అట్లా ఆగరు. అక్కడి సంఘాలకు ఈ భయం చాలా ముందే పట్టుకుంది. అందుకే ఇంజను బాగుచేయడానికి ఎంత శ్రమపడతారో, కుర్రవాళ్ళకు నేర్పడానికీ అంతే పడతారు.

ఇంతా విన్న తరువాత మీలో కొందరికి సందేహం వస్తుంది, నాకూ వచ్చింది. మసి, పొగ, ఖర్చు, వీటికోసం ఇంత అవసరమా? ప్రపంచమంతా బొగ్గు తగ్గించమంటోంది. ఇంగ్లండులో ఈ రైళ్ళకే బొగ్గు కరువొచ్చింది. వేల్స్‌లో ఉన్న పెద్ద ఓపెన్‌కాస్ట్ గని 2023లో మూతపడ్డాక దూరదేశాల నుంచి ఓడల మీద తెచ్చుకుంటున్నారు. బొగ్గుతో ప్రపంచాన్ని ఏలిన దేశం! గోదావరిఖని పక్కన బతికే మనకు ఇది వింతగానే ఉంటుంది. నా అభిప్రాయం నేను చెబుతాను, ఒప్పుకోవాలని లేదు. ఏడాదికి కొన్ని రోజులు కొన్ని ఇంజన్లు కాల్చే బొగ్గుతో లోకం మునగదు. అయితే జగిత్యాలలో ఆవిరి రైలు నడపండని అర్జీ పెట్టే పనికి నేను ఒప్పుకోను. ఇక్కడ షెడ్డు లేదు, నీళ్ళ గొట్టం లేదు, నేర్పే చరిత్ర లేదు. రైలు నిలబడని చోట జాతర పెట్టడం దండగ.

ఆ పాత రోజులు బంగారం అనే మాట కూడా నేను అనను. అదీ ఆ పెద్దమనిషే నేర్పాడు. మే నెలలో రామగుండం ఎండ తెలుసు కదా, పైన సూర్యుడు, ముందు తెరిచిన నిప్పు గది. ఒంటి మీద చొక్కా నిలిచేది కాదట. ఉప్పు కలిపిన నీళ్ళు తాగుతూ పార ఎత్తేవాడు. ఎడమ చెవి కొంచెం వినబడదు. అరచేతుల్లో కాయలు ఇప్పటికీ ఉన్నాయి, నా చేత తడిమించాడు. ఏ పూట పిలుపు వస్తుందో తెలియదు, కాల్ బాయ్ అర్ధరాత్రి తలుపు కొడితే పెట్టె పట్టుకొని పోవాలి. పెద్దకొడుకు పుట్టినప్పుడు ఆయన సిర్పూరు కాగజ్‌నగర్‌లో ఉన్నాడు. 'మళ్ళ పుట్టినా గా పని చెయ్య తమ్మీ' అన్నాడు. కాసేపాగి, 'ఎవడన్న నేర్చుకుంటనంటే మాత్రం నేర్పుత. ఊకెనే పోవుడెందుకు' అన్నాడు.

నేను ఆ మాట దగ్గర ఆగాను. ఇంజను ఇనుము. అరుగు మీద పెట్టి రంగు వేస్తే యాభై ఏళ్ళు ఉంటుంది. ఎప్పుడో ఎవరికైనా బుద్ధి పుడితే, డబ్బు ఉంటే, పెరంబూరులో చేసినట్టు లేపి నడపవచ్చు. గాజు గొట్టం ఏ మైలు దగ్గర అబద్ధం చెబుతుందో మాత్రం ఇనుములో ఉండదు. అది ఎనభై అయిదేళ్ళ మనిషి తలలో ఉంది. కాజీపేట, డోర్నకల్, మంచిర్యాల, పెద్దపల్లి చుట్టూ ఇట్లాంటి వాళ్ళు ఇంకా కొందరు ఉంటారు. డ్రైవర్లు, ఫైర్‌మన్లు, బాయిలరు మిస్త్రీలు, టోకెన్ అందించిన పాయింట్స్‌మన్లు. పెద్ద సాహెబుల చరిత్ర గెజెట్లలో, పరిపాలనా నివేదికల్లో ఉంది. వీళ్ళది సర్వీసు రిజిస్టరులో చేరిన తేదీ, ఇంక్రిమెంటు తేదీ, ఏదైనా శిక్ష పడితే ఎర్ర సిరాతో ఒక వాక్యం. అట్లాంటి రిజిస్టర్లు నేనే ఎన్నో రాశాను. వాటిలో మనిషి పని ఎట్లా చేసేవాడో రాయడానికి కాలమ్ ఉండదు.

అందువల్ల అధ్యక్షుల వారి అనుమతితో ఒక రిజిస్టరు తెరిచాను. రెండు క్వైర్ల పుస్తకం, అట్ట నేనే వేశాను. ఒక్కొక్కరికి నాలుగు పేజీలు. మొదటి పేజీలో పేరు ఇష్టమైతే, లేకపోతే షెడ్డు పేరు, చేసిన పని, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా. మిగతా మూడు పేజీలు పని సంగతి. 'మీ అనుభవాలు చెప్పండి' అని అడగవద్దని మనవి. అట్లా అడిగితే ఎవరైనా 'ఏముంది, కష్టపడ్డాం' అంటారు. నిప్పు ఎట్లా వేసేవాళ్ళు, బొగ్గులో రాయి ఎక్కువ వచ్చిన రోజు ఏం చేసేవాళ్ళు, రాత్రి వానలో సిగ్నల్ కనబడకపోతే ఎట్లా, ఏ చప్పుడు వింటే ఏ భాగం చెడిందని తెలిసేది, ఇట్లా అడగాలి. చెప్పిన మాట చెప్పినట్టే, ఆయన యాసలోనే రాయాలి. దిద్దవద్దు. మనలో దస్తూరి బాగున్నవాళ్ళు చాలామంది ఉన్నారు, ఇప్పుడు ఆ చేతికి వేరే పని లేదు. మనుమలు ఫోన్‌లో గొంతు కూడా పట్టి ఉంచగలరు, వాళ్ళను వెంట తీసుకుపోండి.

రిజిస్టరు బయట సంతకాల బల్ల మీద ఉంది. మీ బంధువుల్లో, వియ్యాల వారిలో ఆవిరి ఇంజన్ల మీద పనిచేసినవాళ్ళు ఉంటే చివరి పేజీలో ఊరి పేరు రాసిపోండి, నేను వస్తాను. మొదటి నాలుగు పేజీలు నిండాయి, ఆయనవే. చాలవు, ఇంకో నాలుగు తీసుకున్నాను. నడిచే బండిలో నీళ్ళు ఎక్కించే ఇంజెక్టరు పట్టకపోతే ఏం చేయాలో చెబుతూ మధ్యలో ఆయనకు ఆయాసం వచ్చింది, అక్కడ ఆపాం. వచ్చే నెల రెండో ఆదివారం మళ్ళీ పోతున్నాను. రాదలచినవాళ్ళు పొద్దున ఎనిమిదింటికి పెగడపల్లి బస్టాండు దగ్గర ఉండండి.